లవంగాల డబ్బా

కార్ఖానా మేడ మీది గది,
వానలు మొదలైన వారం

మావయ్యకు,

నాకు ఉద్యోగం దొరికింది. అమ్మకు పెట్టెల కంపెనీ అని చెప్పాను. అబద్ధం కాదు, ఇక్కడ పెట్టెలు కూడా చేస్తారు. వాటిలో ఏం పెడతారని అమ్మ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. చుట్టలు.

యజమానురాలి ముందు ఆ మాట అనకూడదు, సిగార్లు అనాలి. పెద్ద కంపెనీవాళ్ళు ఒక్క పూటలో చేసే సరుకు వీళ్ళు ఏడాదంతా కూర్చుని చేస్తారు. అదే వీళ్ళ గొప్ప. కింద పొడవాటి గది, కిటికీల వెంట వరసగా బల్లలు. ఆకును తడిగుడ్డ కప్పి పడుకోబెడతారు. మేస్త్రి ఆకు నడుమ ఈనె లాగితే పట్టుగుడ్డ చిరిగినట్టు సన్నగా చప్పుడవుతుంది. లోపలి ఆకులు పేర్చి, కట్టు ఆకు చుట్టి, చెక్క అచ్చుల్లో బిగిస్తారు. బయటకు తీశాక వంపు కత్తితో పై ఆకు కోసి ఏటవాలుగా చుట్టి, కొసకు చిన్న టోపీ అంటించి, మెడకు కార్ఖానా పేరున్న కాగితం ఉంగరం తొడుగుతారు. ఆపైన చెక్క బీరువాల్లో నెలల తరబడి విశ్రాంతి. ఈ కార్ఖానాలో నిజంగా సుఖపడేది సిగార్లే.

నా పని ఇది. ప్రతి పెట్టెలో ఒక మడత కాగితం పెడతారు. ఆకు ఎక్కడ పెరిగింది, ఎవరు చుట్టారు, కాలిస్తే ఎలా ఉంటుంది అని అందులో రాయాలి. మొదటి రెండూ మేస్త్రి చెబుతాడు. మూడోది నాకు తెలియాలి.

పనిలో చేర్చుకునే రోజు యజమానురాలు, "పొగ గురించి తెలుసా?" అని అడిగింది. తెలియదని చెబుదామనే అనుకున్నాను. కానీ పెద్దవాళ్ళు ఏదడిగినా ముందు తల ఊపమని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు. తల ఊగింది. ఇక నోరు తెరిచి లాభం లేకపోయింది. "ఇంత చిన్న వయసులోనా" అని ఆవిడ మెచ్చుకుంది కూడా.

మావయ్యా, నాకు తెలిసినవాళ్ళలో పొగ తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఈ పొట్లంలో రెండు పెట్టాను. పైన "దగ్గు మందు" అని రాశాను, అత్తయ్యకు అనుమానం రాదు. కాల్చి, మూడు భాగాలుగా రాయి. మొదలు, నడుమ, చివర. ఇక్కడ అలాగే చెప్పుకుంటారు.

నువ్వు అమ్మకు చెప్పకు. నేను అత్తయ్యకు చెప్పను.

నీ మేనకోడలు


ఇంటి ముందు వరండా,
మీ అత్తయ్య పెరట్లో ఉన్న సమయం

అమ్మడూ,

నీ ఉత్తరం గుసగుసగా రెండుసార్లు చదువుకున్నాను. జీవితమంతా మగ్గాల షెడ్డులో ఆ హోరు మధ్య గడిపినవాడిని, కళ్ళతో చదివితే నా బుర్రకెక్కదు, నోటితో చదవాల్సిందే. భయపడకు, ఒళ్ళో ఉన్న పిల్లి కూడా చెవి కదపలేదు.

నా కష్టం నీకు తెలియదు. కిందటేడు డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. విని, నాతో కాకుండా మీ అత్తయ్యతో మాట్లాడాడు. ఆ సాయంత్రమే నా చుట్టలన్నీ పొయ్యిలోకి వెళ్ళాయి. ఇక జన్మలో చుట్ట ముట్టించనని ఆవిడ చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. మీ అత్తయ్య ముక్కు సంగతి చెప్పక్కర్లేదు కదా. వీధి చివర ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే ఇక్కడ నా వైపు చూస్తుంది.

అయినా ఇది వ్యసనం కాదు, నీ ఉద్యోగం. కాబట్టి నా శాయశక్తులా పనిచేశాను.

దాచే చోటు కూడా అద్భుతంగా కుదిరింది. వంటింటి అలమర పై అరలో, పంటినొప్పి కోసం మీ అత్తయ్య పెట్టుకున్న లవంగాల డబ్బా ఉంది. ఆ పన్ను పీకించేసి చాలా కాలమైంది, డబ్బా సంగతి ఆవిడ మరిచిపోయింది. వారం పాటు వాటిని అందులో ఉంచి తీశాను. రాసుకో.

మొదలు: బడి తెరిచిన రోజు కొత్త పుస్తకం మధ్యకు విప్పి ముక్కు పెట్టినట్టు. నడుమ: వేయించిన వేరుశనగలు, పక్కనే వానకు తడిసిన చెక్క బెంచీ. చివర: లవంగం. దొంగలా వస్తుంది, దొరలా పోతుంది.

ఇలా రాసేవాడు మీ ఊళ్ళో ఉన్నాడేమో చూడు. ఇంకా పంపు.

మావయ్య


మేడ మీది గది,
వానలు తగ్గాక

మావయ్యకు,

నీ మాటలు అచ్చయ్యాయి. దొంగనూ దొరనూ కూడా యజమానురాలు తీయనివ్వలేదు. కాగితం చదివి మడుస్తూ, "నువ్వు మాట్లాడవు కానీ, రాస్తావు" అంది.

మేస్త్రికి మాత్రం నచ్చలేదు. అన్నాల వేళ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"పంతులమ్మా, ఈ లవంగం నా బల్ల మీద ఎక్కడుందో కాస్త చూపించు. టీలో వేసుకుంటాను."

అందరూ నవ్వారు. నేను కూడా తల ఊపాను.

కానీ విను. కొన్నవాళ్ళ నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. ఒకాయన లవంగం తనకు సగంలోనే తగిలిందని రాశాడు. ఇంకొకాయన చివరిదాకా ఓపిక పట్టినందుకు ఫలితం దక్కిందన్నాడు. ఒకావిడ, మా ఆయనకు లవంగం దొరకలేదు, మనిషిలోనే లోపమా అని అడిగింది. లవంగం పెట్టెలే కావాలని దుకాణాల వాళ్ళు అడుగుతున్నారు.

ఈ రోజు కింద చిన్న గొడవ జరిగింది. చుట్టలు చుట్టే ఒకావిడ తలకు వాసన నూనె రాసుకుని వచ్చింది. మేస్త్రి ఆమెను గుమ్మంలోనే ఆపి, తలంటుకుని రమ్మని ఇంటికి పంపేశాడు. పొగాకు పక్కన ఏం పెడితే ఆ వాసన పట్టేసుకుంటుందట, సబ్బు పెడితే సబ్బు, ఉల్లిపాయ పెడితే ఉల్లిపాయ.

మావయ్యా, ఆ వాక్యం రాసి ఇప్పుడే కలం ఆపాను. నువ్వు వాటిని ఎక్కడ దాచావన్నావు?

నీ మేనకోడలు

ఇంకో మూడు పంపుతున్నాను. దయచేసి ఇంకెక్కడైనా పెట్టు.


వరండా,
మీ అత్తయ్య సంతకు వెళ్ళిన పూట

అమ్మడూ,

నన్ను అవమానించావు. అయినా నువ్వు మా అక్క కూతురివి, క్షమించాను. లవంగం చుట్టలోదే. పాపం, ఆ డబ్బాకేం తెలుసు?

నీ మాట కాదనలేక ఈసారి మూడింటినీ కుట్టుమిషను సొరుగులో పెట్టాను. ఫలితం చూడు. మొదలు: ఆకురాలే కాలంలో తోట ఊడ్చినట్టు. నడుమ: పాత బీరువా తలుపు తీసినట్టు. చివర: ఇప్పుడే నూనె పోసిన యంత్రంలాగా, శుభ్రంగా, చురుగ్గా. ఈ చివరి ముక్క నాకే ఆశ్చర్యంగా ఉంది.

పని కాగానే మళ్ళీ డబ్బాలోకే మార్చాను. మీ అత్తయ్య ఈ మధ్య బట్టలు కుడుతోంది.

అసలు కొన్నవాళ్ళంతా లవంగం ఉందంటుంటే, లేదనడానికి నువ్వెవరు, నేనెవరు?

మావయ్య


మేడ మీది గది,
చలి మొదలైంది

మావయ్యకు,

యంత్రం నూనె సంగతి ఎవరికీ చెప్పలేదు.

లేదనే మనిషి దొరికాడు. మా సరుకులో పెద్ద భాగం కొనే వ్యాపారి. ఆయన ఒక పెట్టె మొత్తం కాల్చాడట. చిన్న ఉత్తరం రాశాడు. "లవంగం కనబడలేదు. ఆ కాగితం రాసినవారి ఎదురుగా కూర్చుని, ఇద్దరం చెరొకటి ముట్టించాలని ఉంది. దాన్ని బట్టి వచ్చే ఏడాది సరుకు సంగతి ఆలోచిస్తాను." నెలాఖరుకు వస్తున్నాడు.

ఆయన కొనడం మానేస్తే సగం బల్లలు ఖాళీ అవుతాయని మేస్త్రి చెప్పాడు. ఈసారి నవ్వుతూ చెప్పలేదు. తలంటుకుని వచ్చిన ఆమె బల్ల కూడా అందులో ఉంది.

యజమానురాలు నా భుజం తట్టి, "నువ్వే కూర్చుంటావు" అంది. నేనేం చేశానో నీకు తెలుసు. తల ఊపాను.

నేను అగ్గిపుల్ల గీస్తే అది విరుగుతుంది. మొన్న గదిలో తలుపు వేసుకుని సాధన చేద్దామనుకున్నాను. ముట్టించకముందే దగ్గొచ్చింది. ఈ పని పోతే నేను మళ్ళీ ఇంటికి వచ్చి, అమ్మ చూపించిన చోటల్లా తల ఊపుతూ బతకాలి. ఇక్కడ నా మాటలు, నిజానికి నీ మాటలు, పెట్టెల్లో కూర్చుని ఎక్కడెక్కడికో వెళ్తున్నాయి. నాకు అది చాలా ఇష్టం మావయ్యా. ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను.

నువ్వు రావాలి. నా పక్కన కూర్చుని కాల్చాలి. లవంగం గురించి ఏం చెప్పాలో నువ్వే చూసుకో.

నీ మేనకోడలు


వరండా,
ఎవరూ లేరు, పిల్లిని కూడా పంపేశాను

అమ్మడూ,

కుర్చీ ఉంటే కూర్చుని చదువు.

నేను ఒక్కటి కూడా కాల్చలేదు.

ముట్టించనని మీ అత్తయ్యకు మాటిచ్చాను కదా. ముట్టించలేదు. నువ్వు పంపినవన్నీ వేళ్ళ మధ్య పెట్టుకుని, వాసన చూసి, పెదాల మధ్య ఉంచుకుని ఈ వరండాలో కూర్చునేవాడిని. వెనకటి చుట్టలన్నీ గుర్తొచ్చేవి. గుర్తొచ్చిందంతా నీకు రాశాను. వేరుశనగలు మాత్రం పక్కింట్లో వేయిస్తున్నారు.

నీకు చెబుదామనే అనుకున్నాను. కానీ నా మాటలు అచ్చయ్యాయని రాశావు. మగ్గాల షెడ్డులో నా మాట ఎవరికీ వినపడేది కాదు. ఆ తర్వాత ఎలా చెప్పను?

సరే, ఉన్నవన్నీ నీకు తిరిగి పంపేద్దామని ఈ పొద్దున డబ్బా దించాను. లవంగాలున్నాయి. చుట్టలు లేవు. ఒక్కటీ లేదు. ఇంట్లో దొంగ పడ్డాడు. పాలవాడి మీద అనుమానం ఉంది, పక్కింటి వేరుశనగల ఆయన మీద కూడా ఉంది. ఎవరినైనా గట్టిగా అడుగుదామంటే, లవంగాల డబ్బాలో నీ చుట్టలేమిటని మీ అత్తయ్య అడుగుతుంది. నా సొమ్ము పోయి, నేనే దొంగలా తిరుగుతున్నాను.

అది పోనీ. నీ ఉద్యోగం పోకూడదు. నేను వస్తాను. ఆ వ్యాపారి ఎదురుగా కూర్చుని ముట్టిస్తాను. మీ అత్తయ్యకు ఇచ్చిన మాట ఆ ఒక్కసారికి తప్పుతాను. తిరిగొచ్చాక నేనే చెప్పేస్తాను. ఆవిడ ఎంతకాలం మాట్లాడదో అంతకాలం ఊరుకుంటాను.

మావయ్య


వంటిల్లు

అమ్మాయికి,

మీ మావయ్య నిద్రపోతున్నాడు. నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకో.

మీ మావయ్య గుసగుసగా చదువుతాడనుకుంటాడు. ఆ చెవులకు అది గుసగుసే. నాకు వంటింట్లోకి వినబడుతుంది, పక్కింటివాళ్ళకు కూడా వినబడుతుంది. నీ పెట్టెల కంపెనీ సంగతి ఈ వీధిలో తెలియనిది పిల్లికి ఒక్కదానికే. రాసేటప్పుడు కూడా పైకి చదువుకుంటూనే రాస్తాడు. కాబట్టి ఈ రోజు ఏం రాశాడో నాకు తెలుసు.

దగ్గు మందు పొట్లం వచ్చిన రోజే చూశాను. మీ మావయ్యకు దగ్గు లేదు, పైగా మందు షాపు వాళ్ళకు అంత గుండ్రటి కాన్వెంటు రాత ఉండదు. డబ్బా కూడా ఆ వారమే తీశాను. మొగుడు మాట తప్పాడని కోపం వచ్చింది. అప్పుడే అడిగేదాన్ని. కానీ వాటికి కాల్చిన గుర్తు లేదు. కొస మీద పంటి గాటు మాత్రం ఉంది. రోజూ తీసి చూసేదాన్ని. రోజూ గాటే ఉండేది, మసి ఉండేది కాదు. ఇన్నేళ్ళ కాపురంలో నేను చెప్పిన ఏ మాటా ఆయన ఇంత బాగా వినలేదు.

అయినా ఎదురుగా ఉంటే ఏదో ఒక రోజు ముట్టిస్తాడు. పారేద్దామంటే నువ్వు పంపినవి, చేతులు రాలేదు. అందుకని నేనే కాల్చేశాను. మేడ మీద, నీళ్ళ ట్యాంకు వెనక, ఆయన నడకకు వెళ్ళినప్పుడు. మొదటిది పీడ వదిలించుకోవడానికి. రెండోది మొదటిది ఎలా ఉందో సరిగ్గా చూడలేదని. మిగతావాటికి కారణం అడగకు.

లవంగం లేదు. ముట్టించకముందు పెదాలకు తగిలేది మా డబ్బా వాసన, నిప్పు తగలగానే పోయింది. సగం దాకా చాలా బాగుంటుంది, ఒళ్ళు వెచ్చగా, మనసు తీరిగ్గా ఉంటుంది. ఆ తర్వాత ఘాటెక్కుతుంది. ఒకటి మాత్రం ఎంత లాగినా పొగ రాలేదు. బూడిద తెల్లగా, బొటనవేలంత పొడవు నిలబడుతుంది.

మీ మావయ్య రాకూడదు. నీకోసం మాట తప్పితే ఆయన తిరిగొచ్చి నా మొహం చూడలేడు, నాకది అక్కర్లేదు. నేను వస్తాను. నీకు జ్వరమని ఒక కార్డు రాయి. ఆయన గుసగుసగా చదువుతాడు. నేను విని బయల్దేరతాను.

నేను కాల్చానని ఆయనకు తెలియకూడదు. దొంగను వెతుక్కుంటూ తిరుగుతున్నాడు, చూడటానికి బాగుంది.

అత్తయ్య


మేడ మీది గది (కార్డు)

మావయ్యకు,

నాకు జ్వరం. అత్తయ్యను పంపగలవా? నువ్వు రాకు, చలి నీ ఛాతీకి మంచిది కాదు. వ్యాపారి సంగతి నేను చూసుకుంటాను.

నీ మేనకోడలు


మేడ మీది గది,
నెలాఖరు దాటాక

మావయ్యకు,

జ్వరం తగ్గింది. అత్తయ్య రేపు బయల్దేరుతోంది. ఈ ఉత్తరం ఆవిడ కంటే ముందే చేరాలని ఈ రోజే వేస్తున్నాను.

వ్యాపారి వచ్చాడు. నాకు తోడుగా, నా బదులు కాల్చడానికి ఇక్కడి ఒక పెద్దావిడ కూర్చుంది. నువ్వెరగవు. అత్తయ్య ఆ సమయంలో గదిలో నా దుప్పట్లు ఉతుకుతోంది.

ఆయన లోపలికి రాకముందే యజమానురాలికి చెప్పేశాను. నాకు పొగ తెలియదని, లవంగం మా బంధువుల ఇంటి డబ్బాదని. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసు. మొదటి రోజు నా చేతిలోంచి సిగార్ తీసుకుని తిరగేసి పట్టుకున్నావు" అంది. మరి ఎందుకు చేర్చుకున్నారని అడిగాను. "తల ఊపడం మాని ఎప్పుడైనా నోరు తెరిచి అడుగుతావేమోనని చూస్తున్నాను, ఇన్నాళ్ళు పట్టింది" అంది.

వ్యాపారి లావుపాటి మనిషి. వెండి పెట్టెలోంచి సొంత కత్తెర తీసి కొస కత్తిరించుకున్నాడు. పెద్దావిడ వంటకత్తి అడిగింది. ఇద్దరూ ముట్టించారు. రెండింటి కొసలా తెల్లగా బూడిద నిలబడింది.

"ఏదమ్మా ఆ లవంగం?" అన్నాడు ఆయన.

"లేదు నాయనా."

"కాగితంలో ఉంది కదా."

"అయితే కాగితం కాల్చి చూడు, తగులుతుందేమో."

మేస్త్రి గుమ్మం దగ్గర దగ్గాడు. వ్యాపారి నవ్వలేదు. "సగం తర్వాత ఎందుకో చేదెక్కుతోంది" అన్నాడు.

"నువ్వలా గబగబా లాగితే ఎక్కదా మరి? ఒకసారి లాగి, దాని మానాన దాన్ని కాసేపు వదిలెయ్యాలి. మొగుడితో వేగినట్టే. మరీ పట్టించుకున్నా మండుతుంది, అసలు పట్టించుకోకపోయినా ఆరిపోతుంది."

ఆయన నెమ్మదించాడు. కాసేపటికి భుజాలు కిందికి దిగాయి. ఇంతలో పెద్దావిడ రెండోది తీసుకుని, రెండుసార్లు లాగి, బల్ల మీద పెట్టేసింది. "ఇది లాగట్లేదు. ఉంగరానికి కాస్త కింద లోపల మెలిపడింది."

"నా చేతి సరుకులో మెలి ఉండదు" అన్నాడు మేస్త్రి.

"నీ చేతిదని నేనన్నానా? చెయ్యి నువ్వే ఎత్తావు."

మేస్త్రి వంపు కత్తితో దాన్ని నిలువునా చీల్చాడు. ఉంగరానికి కాస్త కింద, ఆకు మెలితిరిగి ఉంది. కత్తి తుడుచుకుని, "ఈవిడను కింది గదిలోకి రానివ్వకండి" అని మాత్రం అన్నాడు.

వ్యాపారి సరుకంతా తీసుకుంటానన్నాడు. సిగార్‌లో ఏముందో చెప్పేవాళ్ళు చాలామంది కనబడ్డారట, ఏం లేదో చెప్పిన మనిషిని మొదటిసారి చూశాడట. ఒకటే షరతు. పెట్టెల్లో కాగితం ఆవిడ మాట్లాడినట్టే ఉండాలి. కొత్త కాగితం నేనే రాశాను. ఇదీ:

"కొండవాలు ఆకు. మేస్త్రి, ఆయన బృందం చుట్టారు. సగం దాకా చాలా బాగుంటుంది, ఆ తర్వాత ఆపేయండి. తొందరపడితే తప్పు మీదే. లవంగం లేదు."

అందులో నీ మాట ఒక్కటీ లేదు మావయ్యా. కొత్త పుస్తకాన్ని ఉంచుదామని నేను పోట్లాడాను, పెద్దావిడ ఒప్పుకోలేదు. నిజంగా పోట్లాడాను, తల ఊపలేదు. కాబట్టి పెట్టె మూత లోపలి వైపు సన్న అక్షరాలతో వేయిస్తున్నాం: "తెరవగానే, బడి తెరిచిన రోజు కొత్త పుస్తకం వాసన." అది ముట్టించకముందు వాసన కనుక అబద్ధం కాదని యజమానురాలు తీర్పు చెప్పింది.

ఇకమీదట దగ్గు మందు మీ ఇంటికి రాదు. అత్తయ్య పేరు మీద పంటినొప్పి మందు వస్తుంది. దాన్ని నువ్వు ముట్టుకోకు.

నీ మేనకోడలు


వరండా

అమ్మడూ,

మీ అత్తయ్య క్షేమంగా చేరింది. నీ దుప్పట్లు చాలా మురికిగా ఉన్నాయని చెప్పింది.

నీ ఉత్తరం ముందు రోజే వచ్చింది. ఆ పెద్దావిడ సంగతి నాకు మహా సరదాగా అనిపించి, మీ అత్తయ్య వచ్చిన సాయంత్రం మళ్ళీ తీసి, ఎప్పటిలా గుసగుసగా చదువుకున్నాను. "మొగుడితో వేగినట్టే" అన్న చోటికి రాగానే వంటింట్లో గిన్నె జారిపడింది. నేను ఆగాను. మళ్ళీ అదే వాక్యం చదివాను. ఈసారి వంటింట్లో నవ్వు ఆపుకుంటున్న దగ్గు వినబడింది. నా చెవులకు వినబడిందంటే, చిన్న దగ్గు కాదు.

అప్పుడు చాలా సంగతులు ఒకేసారి అర్థమయ్యాయి. పాలవాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఏమీ అడగలేదు.  భోజనం దగ్గర మీ అత్తయ్యే, "మీకు దగ్గు మందు ఇక అక్కర్లేదేమో" అంది. అక్కర్లేదన్నాను.

ఆ తర్వాత నువ్వు పంపిన పెట్టె మూత చేరింది. కొత్త పుస్తకాన్ని కాపాడినందుకు నీకు రుణపడ్డాను. దాన్ని కళ్ళజోడు పక్కనే పెట్టుకున్నాను.

ఈ పొద్దున లవంగాల డబ్బా దించాను. అందులో కొత్తది ఒకటుంది, మీ కార్ఖానా ఉంగరంతో సహా. దాని కొస మీద పంటి గాటు లేదు. నేను వేళ్ళ మధ్య కూడా పెట్టుకోలేదు. పక్కన ఒక అగ్గిపెట్టె ఉంచి, మూత పెట్టి, డబ్బాను ఉన్నచోటే ఉంచాను. సాయంత్రం మామూలు కంటే కాస్త ఎక్కువ దూరం నడిచి వద్దామనుకుంటున్నాను.

ఈ ఉత్తరం మాత్రం నోరు మూసుకుని రాశాను.

మావయ్య